ఆసుపత్రికి ముందే స్నానం!
రసాయన ప్రమాదాల్లో మొదట చేరేవారికి నేర్పవలసిన పని

విశాఖపట్నం: 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున సుమారు 3 గంటలకు గోపాలపట్నం సమీపంలోని ఆర్.ఆర్. వెంకటాపురం గ్రామాన్ని స్టైరీన్ ఆవిరి కమ్ముకొన్నది. లాక్‌డౌన్ కారణంగా మూతపడి వున్న ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంలో, నిలవ వున్న స్టైరీన్ ట్యాంకులో వేడెక్కడంతో ఈ ప్రమాదం జరిగింది. 12 మంది మరణించారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు.

ఆ చీకట్లో ముందుగా వూళ్ళోకి పరుగెత్తినవారు పోలీసులు, చుట్టుపక్కల పేటల యువకులు, అంబులెన్సు సిబ్బంది. పడిపోయిన పిల్లలను భుజాన వేసుకొని, పెద్దలను ఆటోలలోను, మోటారు సైకిళ్ళ మీద ఎక్కించి తరలించారు. ఆ ప్రయత్నంలో తామే సొమ్మసిల్లినవారూ లేకపోలేదు. రసాయన ప్రమాదాలలో ఆరితేరిన జాతీయ విపత్తు స్పందన దళం ప్రత్యేక బృందం మాత్రం పుణె నుంచి విమానంలో రావలసి వచ్చింది.

ఎక్కడైనా జరిగేది ఇదే. ప్రత్యేక దళం రెండవసారి వస్తుంది. మొదట వచ్చేది మాత్రం మండల కేంద్రంలోని ఫైర్ ఇంజను, స్టేషను జీపు, 108 బండి. వీరికి తెగువ వుంది. లేనిది ఒకే ఒక్క విద్య: బాధితుడి ఒంటి మీది విషాన్ని అక్కడికక్కడే కడిగి పంపడం. అధికారుల భాషలో దీనిని డీకంటామినేషన్ అంటారు.

విషం అంటుకున్న బట్టలతో మనిషిని అంబులెన్సు ఎక్కిస్తే విషం కూడా ఎక్కుతుంది. తలుపులు మూసిన బండిలో పక్కన కూర్చున్న ఉద్యోగి దానినే పీలుస్తాడు. అదే బట్టలతో వార్డులోకి తీసుకువెళ్తే నర్సుకు, ఆయాకు, పక్క మంచం మీద రోగికి అంటుతుంది.

ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 1995 మార్చి 20న జపాన్ రాజధాని టోక్యోలో భూగర్భ రైళ్ళలో కొందరు సారిన్ అనే విషాన్ని వదిలారు. ఆ రోజు ఒక్క సెయింట్ లూక్స్ ఆసుపత్రికే 640 మంది బాధితులు వచ్చారు. వేసుకున్న బట్టలతోనే వారిని లోపలికి చేర్చుకొన్నారు. తర్వాత ఆరా తీస్తే, సమాధానం చెప్పిన 472 మంది ఆసుపత్రి సిబ్బందిలో 110 మందికి తామూ ఆ విషానికి గురైన లక్షణాలు కనిపించాయి. రోగులను మోసిన అగ్నిమాపక, అంబులెన్సు సిబ్బంది 1,364 మందిలో 135 మంది జబ్బు పడ్డారు. ఆపదలో ఆదుకోవలసినవారే మంచం ఎక్కితే ఇక ఆదుకొనేది ఎవరు?

బట్టలు తీస్తే సగం గండం గడిచినట్లే

శిక్షణలో మొదటి పాఠం నిలబడే చోటు. గాలి వీచే వైపు నుంచి, మిట్ట మీది నుంచి ప్రమాద స్థలాన్ని సమీపించాలి. స్టైరీన్, క్లోరిన్ వంటివి గాలికంటే బరువు. పల్లంలోకి, కాలువల్లోకి పారుతాయి. విషం వున్న చోటు హాట్ జోన్. దాని బయట కడిగే చోటు వార్మ్ జోన్. అంబులెన్సులు, డాక్టర్లు వుండేది కోల్డ్ జోన్. కడగకుండా ఎవరినీ కోల్డ్ జోన్‌లోకి రానీయరాదు, వచ్చినవాడు సర్పంచి అయినా సరే.

కాళ్ళమీద నడవగలిగినవారిని మోయనక్కరలేదు. మైకులో పిలిచి, చెయ్యి చూపిస్తే వారంతట వారే వస్తారు. రాగానే పైబట్టలు తీయించాలి. కేవలం పైబట్టలు తీయడంతోనే ఒంటిని అంటిన విషంలో నూటికి 80 పాళ్ళో, అంతకుమించో పోతుందని నిపుణులు చెబుతారు. తర్వాత ధారాళంగా నీరు. రెండు ఫైర్ ఇంజన్లను ఎదురెదురుగా నిలిపి, బ్రాంచి నుంచి నీటిని తక్కువ ఒత్తిడితో జల్లులా వదిలితే వాటి మధ్య నుంచి మనుషులను నడిపించవచ్చు. మంటలను ఆర్పే ఒత్తిడితో కొడితే మనిషి పడిపోతాడు. సబ్బు మంచిదే కానీ, దానికోసం ఎదురుచూస్తూ కూర్చోరాదు. పీచు పెట్టి రుద్దితే చర్మం గీసుకుపోయి విషం లోపలికి దిగుతుంది. కళ్ళలో పడితే పావుగంట సేపు మంచినీటితో కడుగుతూనే వుండాలి.

నీరు వెంటనే పోయకూడనివీ వున్నాయి. పొడి సున్నం మీద పడిన మనిషిని తడిపితే సున్నం వుడికి ఒళ్ళు కాలుతుంది. పొడి ఏదైనా ముందు మెత్తని బ్రష్షుతోనో, పొడి గుడ్డతోనో దులిపి, ఆ తర్వాతనే బోలెడు నీళ్ళు కుమ్మరించాలి.

చీర సంగతి పుస్తకాల్లో లేదు

పాఠాలలో ఎక్కువ భాగం పరదేశాల పుస్తకాల నుంచి వచ్చినవి. మన వూళ్ళలో మధ్యాహ్నం నడిరోడ్డు మీద ఆడమనిషిని చీర విప్పమంటే విప్పుతుందా? ప్రాణం పోయినా విప్పదు. కనుక శిక్షణలో మహిళా కానిస్టేబుళ్ళు, ఆశా కార్యకర్తలు వుండి తీరాలి. రెండు టార్పాలిన్లు అడ్డం కట్టి ఆడవారికి వేరే దారి ఏర్పాటు చేయాలి. కడిగిన వెంటనే కట్టుకోవడానికి దుప్పట్లు, నైటీలు, లుంగీలు సిద్ధంగా వుండాలి. ఇవేమీ లేకుండా తీయమంటే ఎవరూ వినరు. వినలేదని వారిని తప్పుపట్టడం న్యాయం కాదు.

ఒక విధంగా చీర మేలే. తలమీదుగా లాగనక్కరలేదు. చుడీదార్, బనీను తల మీదుగా లాగితే దానిమీది విషమంతా కళ్ళకు, ముక్కుకు తగులుతుంది. వాటిని కత్తెరతో ముందు వైపు నిలువునా కత్తిరించి తీయాలి. జడ విప్పి, తల వెనక్కు వాల్చి కడగాలి. లేకపోతే జుట్టులోని నీరంతా ముఖం మీదికే కారుతుంది. గడియారం, గాజులు, గొలుసుల కింద మందు దాగి వుంటుంది. పుస్తెలు తీయనంటే ఆమెతో వాదులాడుతూ కాలం పోనీయకుండా, గొలుసు ఎత్తిపట్టి కింద బాగా కడగడం మంచిది. తీసిన బట్టలను రెండు ప్లాస్టిక్ సంచులలో ఒకదానిలో ఒకటి పెట్టి మూతి బిగించి, పేరు రాసిన చీటీ కట్టాలి. డబ్బు, నగలు పోతాయన్న అనుమానం వుంటే జనం సంచి చేతికి ఇవ్వరు.

ఇదంతా కర్మాగారాలున్న పట్టణాల గొడవ అనుకోరాదు. జాతీయ రహదారి మీద యాసిడ్, అమ్మోనియా ట్యాంకర్లు పల్లెల పక్కనుంచే పోతాయి. మంచినీటి పథకాల వద్ద క్లోరిన్ సిలిండర్లు వుంటాయి. ట్యాంకరు వెనుక, పక్కల వుండే బోర్డు మీద నాలుగు అంకెల నంబరు వుంటుంది. 1017 అయితే క్లోరిన్, 1005 అయితే అమ్మోనియా, 2055 స్టైరీన్, 1203 పెట్రోలు. దూరం నుంచే దానిని చదివి ఫోనులో చెప్పగలిగిన కానిస్టేబులు సగం పని చేసినట్లే. ట్యాంకరు పడిందంటే బిందెలతో పరుగెత్తే జనాన్ని ఆపవలసినవాడూ అతడే.

పత్తి చేలలో పురుగుమందు కొడుతూ పడిపోయిన రైతు సంగతీ ఇంతే. ఆర్గానో ఫాస్ఫేటు మందులు చర్మం గుండా ఒంట్లోకి దిగుతాయి. తడిసిన చొక్కా ఒంటి మీద వున్నంతసేపూ విషం ఎక్కుతూనే వుంటుంది. చేతికి రబ్బరు తొడుగు వేసుకొని ఆ చొక్కా తీసి, బోరు వద్ద సబ్బుతో, జుట్టు, గోళ్ళు సహా కడిగి బండి ఎక్కించడం పంటకాలం పొడుగునా అవసరపడే విద్య.

తడవని మాక్ డ్రిల్

చట్టం చేతిలో లేకపోలేదు. 1984 డిసెంబరులో జరిగిన భోపాల్ ఘోరం తర్వాత వచ్చిన 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం, భారీ ప్రమాదానికి ఆస్కారం వున్న కర్మాగారాల చుట్టుపక్కల ప్రాంతాల కోసం జిల్లా యంత్రాంగం ఏటా ఒకసారి రిహార్సల్ జరపాలి. 1996 నిబంధనలు జిల్లా స్థాయిలో సంక్షోభ నివారణ బృందాన్ని కూడా ఏర్పాటు చేయమన్నాయి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2007లో రసాయన విపత్తులపై మార్గదర్శకాలు వెలువరించింది. శిక్షణ ఇచ్చేవారూ దూరంగా లేరు. జాతీయ విపత్తు స్పందన దళం 10వ బెటాలియన్ కృష్ణా జిల్లా గన్నవరం సమీపాన కొండపావులూరులోనే వుంది. దాని పక్కనే జాతీయ విపత్తు నిర్వహణ విద్యాసంస్థ దక్షిణ ప్రాంగణం 2025 జనవరిలో ప్రారంభమైంది.

అయినా చాలాచోట్ల మాక్ డ్రిల్ అంటే సైరన్ మోగడం, నలుగురు పరుగెత్తడం, స్ట్రెచర్ మీద ఒకరిని అంబులెన్సు ఎక్కించడం, ఫొటో. బాధితుడిగా నటించినవాడి చొక్కా తడవదు. తడవని డ్రిల్‌లో కడగడం ఎలా తెలుస్తుంది? బకెట్లు ఎన్ని కావాలో, కడిగిన నీరు ఎటు పారుతుందో, దారిలో పశువులు తాగే కుంట వుందో లేదో నిజంగా నీళ్ళు వదిలినప్పుడే బయటపడతాయి. ముందు ప్రాణం కాపాడి, వీలు చిక్కగానే ఆ నీటికి కట్ట వేయాలి.

ఇందుకు కావలసిన సామాను పెద్ద ఖర్చు కాదు. టార్పాలిన్లు, కత్తెరలు, సబ్బు, సంచులు, బట్టలు ఒక పెట్టెలో పెడితే ఫైర్ ఇంజనులో పడతాయి. ఖరీదైనవి రక్షణ సూట్లు, గాలి సిలిండర్లు. వాటితో కష్టం వేరే వుంది. రోహిణి కార్తె ఎండలో ఆ సూటు వేసుకుంటే పావుగంటకే ఒళ్ళు చెమటతో తడిసి కళ్ళు తిరుగుతాయి. సిలిండరులోని గాలి అరగంటో, ముప్పావు గంటో. లోపలికి వెళ్ళిన జట్టు అలసిపోకముందే రెండో జట్టు తయారుగా వుండాలి. తిరిగి వచ్చినవారిని కూడా బాధితుల మాదిరే నిలబెట్టి తల నుంచి బూట్ల దాకా కడగాలి. ఆ తర్వాత సూటును లోపలి వైపు బయటికి వచ్చేలా మడుస్తూ కిందికి దించాలి. వుక్కగా వుందని మాస్కు ముందే లాగేయడం అందరూ చేసే పొరపాటు. అది ముఖం మీది నుంచి తీయవలసింది అన్నిటికంటే చివర.