బొమ్మ వంతెనకు మన చేతి పనిముట్లు



నాకు కవిత రాయడం రాదు, ముగ్గు వెయ్యడం రాదు. నాకు వచ్చింది చెక్క పని. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి పిల్లని నేనే. నాన్నకి చదువు లేదు గాని కత్తి పట్టేడంటే కర్ర ఆయన మాట వింటాది. ఆయన దగ్గర చూసిందీ, సైన్సు సార్ చెప్పిందీ, నేను చేసి చెడగొట్టిందీ కలిపి రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

వంతెన ఎందుకు?

మా ఊరికీ రోడ్డుకీ మధ్యన వాగు ఉంది. వానాకాలం పొంగితే అటువోళ్లు అటే, ఇటువోళ్లు ఇటే. మా తమ్ముడు పుట్టేటప్పుడు అమ్మని డోలీలో మోసుకొచ్చి, వాగు తియ్యక, తెల్లారేవరకు ఒడ్డునే కూర్చున్నారు. ఆ మాట ఎత్తితే నాన్న ఇప్పటికీ మాటాడడు. అందుకే సైన్సు ఎగ్జిబిషన్‌కి ఏం చేస్తావని సార్ అడిగితే, మా వాగు మీద వంతెన చేస్తానన్నాను.

సెలవుల్లో నాన్న, నేను తాడు పట్టి వాగు కొలిచేం. 18 మీటర్లు వచ్చింది. సార్ 1:50 స్కేలు పెట్టమన్నారు. అంటే నిజంగా 50 సెంటీమీటర్లు ఉన్నది మన బొమ్మలో 1 సెంటీమీటరు. 18 మీటర్ల వంతెన 36 సెంటీమీటర్లు అవుతుంది. 20 సెంటీమీటర్ల లావు స్తంభం 4 మిల్లీమీటర్లు అవుతుంది. ఇక్కడే ఉంది తిరకాసు. బొమ్మలో అర మిల్లీమీటరు తప్పు చేస్తే నిజం వంతెనలో రెండున్నర సెంటీమీటర్లు తప్పు చేసినట్టు. ఇంత సన్నని పనికి వడ్రంగి పెద్ద రంపం, బాడిశ పనికిరావు. చిన్న పనికి చిన్న పనిముట్లు కావాలి. కొందామంటే డబ్బులు లేవు. కాబట్టి చేసుకోవాలి.

1. చిన్న రంపం

వెల్డింగు షాపులో విరిగిపోయిన యాక్సా బ్లేడు ముక్కలు పారేస్తారు. అడిగితే ఊరికే ఇస్తారు. ఒక జానెడు ముక్క తీసుకుని, పట్టుకునే వైపు పాత సైకిల్ ట్యూబు గట్టిగా చుట్టి దారంతో కట్టాలి. అంతే, రంపం తయారు.

ఇదే ఎందుకంటే, పళ్లు లెక్కపెట్టండి. సన్న పళ్ల బ్లేడుకి అంగుళానికి 24 పళ్లుంటాయి. అంటే మిల్లీమీటరుకి దగ్గర దగ్గర ఒక పన్ను. మూడు మిల్లీమీటర్ల పుల్ల కోస్తే మూడు పళ్లు పుల్ల మీద ఉంటాయి. అంగుళానికి 8 పళ్లున్న పెద్ద రంపమైతే ఒక్క పన్నే ఉంటుంది. అది పుల్లని కొయ్యదు, కొక్కెంలాగ తగులుకుని విరిచేస్తుంది. నావి ఆరు పుల్లలు అలాగే పోయాయి.

2. మేకు ఉలి

నాలుగంగుళాల మేకు తీసుకుని నిప్పుల్లో ఎర్రగా కాల్చి, కొస సుత్తితో కొట్టి వెడల్పు చెయ్యాలి. చల్లారాక తడి రాయి మీద ఒక వైపే వాలుగా నూరాలి. రెండో వైపు చదునుగా ఉండాలి. తర్వాత వెదురు పిడి బిగించాలి. ఇది పిల్లలు ఒక్కళ్లే చేసే పని కాదు. నాది మా ఊరి కమ్మరి తాత కొలిమి దగ్గర నాన్న చేసి ఇచ్చేడు. మేకు ఇనుము మెత్తన కాబట్టి అంచు తొందరగా మొద్దుబారుతుంది. పది నిమిషాలకోసారి నూరుకోవాలి. అయినా మెత్తని చెక్కకి చాలు.

3. విల్లు బర్మా

చెక్కకి కన్నం పెట్టడానికి వడ్రంగులు వాడేది బర్మా. మనం విల్లుతో చేసుకోవచ్చు. విల్లంటే మనకి కొత్తా!

కావలసినవి: మూరెడు వెదురు బద్ద, గట్టి తాడు, జానెడు గుండ్రని కర్ర, విరిగిన సైకిల్ పుల్ల, కొబ్బరి చిప్ప ముక్క.

చేసే విధానం: సైకిల్ పుల్ల కొసని కొట్టి చదును చేసి, బల్లెం మొనలాగ రెండు పక్కలా నూరాలి. కర్ర అడుగున చీల్చి ఆ పుల్లని దూర్చి దారంతో బిగించాలి. వెదురు బద్దని విల్లులాగ వంచి తాడు కట్టాలి. తాడుని కర్ర చుట్టూ ఒక్క చుట్టు తిప్పాలి. కర్ర పైకొసని కొబ్బరి చిప్ప గుంటలో పెట్టి ఎడమ చేత్తో మెల్లగా నొక్కుతూ, కుడి చేత్తో విల్లుని ముందుకీ వెనక్కీ లాగాలి. కర్ర గిర్రున తిరుగుతుంది.

విల్లు ముందుకి పోతే కర్ర ఒక వైపు తిరుగుతుంది, వెనక్కి వస్తే రెండో వైపు తిరుగుతుంది. మొన ఒక పక్కే నూరితే సగం పని వృథా. రెండు పక్కలా నూరమన్నది అందుకే. సైకిల్ పుల్ల లావు 2 మిల్లీమీటర్లు. కొస చదును చేస్తే కొంచెం పెరుగుతుంది. అగరుబత్తి పుల్ల దూరే కన్నం పడుతుంది.

4. గరుకు కాగితం, అరగదీసే చెక్క

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. కోసిన పుల్ల సగం పని, అరగదీసిన పుల్ల పూర్తి పని.

సాండు పేపరు వెనక నంబరు ఉంటుంది. నేను మొదట 220 అంటే బాగా గరుకు అనుకుని కొన్నాను. తప్పు. నంబరు పెరిగితే గరుకు తగ్గుతుంది. గరుకు పొడిని జల్లెడ పడతారు కదా, అంగుళం పొడవులో ఎన్ని కన్నాలున్న జల్లెడో ఆ నంబరు. కన్నాలు ఎక్కువైతే ఒక్కో కన్నం చిన్నది, పొడి సన్నది. ముందు 80, తర్వాత 120, చివర 220 వాడాలి. 80 నుంచి ఒకేసారి 220కి దూకితే గీతలు పోవు. కాగితం మాత్రం అరిగిపోతుంది.

కాగితాన్ని వేళ్లతో పట్టుకుని రుద్దకూడదు. వేలు మెత్తన కాబట్టి పుల్ల అంచులు గుండ్రమైపోతాయి. సబ్బు బిళ్లంత చెక్క ముక్కకి కాగితం చుట్టి రుద్దితే చదునుగా వస్తుంది. చెక్క చార ఎటు ఉంటే అటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే గీతలు పడి, రంగు వేశాక అవే కనబడతాయి. సన్న సందుల్లోకి పుల్ల ఐసు పుల్లకి కాగితం అంటించి వాడుకోవాలి.

పది స్తంభాలు ఒకే పొడవు రావాలంటే పదీ ఒక్కసారే సైకిల్ ట్యూబు ముక్కతో కట్టగట్టి, అడుగు కొసలు బల్లకి తాటించి, పై కొసలు కలిపి అరగదీయాలి. ఒక్కొక్కటి కొలిచి అరగదీస్తే పది పుల్లలకి పది పొడవులు వస్తాయి. నాకు అలాగే వచ్చి వంతెన తాగినోడిలా ఒరిగింది.

డబ్బులు లేకపోతే బరింక ఆకు ఉంది. మా అమ్మమ్మ దానితో తెడ్లు తోమేది. ఆ ఆకు గరుకు, సన్న కాగితంలా పనిచేస్తుంది. ఏటికొప్పాకలో లక్క రంగుల బొమ్మలకి మొగలి ఆకు పట్టి నునుపు తెస్తారు. మన పక్క అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉంది ఆ ఊరు. 2025 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీలో నడిచిన మన రాష్ట్ర శకటం ఆ బొమ్మలదే.

5. సైకిల్ సాన

చివరి వారం పని ఎక్కువై చేతులు నొప్పెట్టేయి. అప్పుడు వాచ్‌మన్ మావయ్య పాత సైకిల్ తిరగేసి, వెనక చక్రం పుల్లలకి గుండ్రని పలక కట్టి, దాని మీద 80 నంబరు కాగితం అంటించేం. ఒకళ్లు చేత్తో పెడలు తిప్పాలి, ఒకళ్లు చెక్క పట్టాలి. ఆ సైకిల్‌కి ముందు 44 పళ్లు, వెనక 18. అంటే పెడలు ఒకసారి తిప్పితే చక్రం దాదాపు రెండున్నర సార్లు తిరుగుతుంది.

ఇందులో ఒక కిటుకు ఉంది. పలక ఎదురుగా నిలబడితే ఒక పక్క కిందికి దిగుతూ ఉంటుంది, రెండో పక్క పైకి లేస్తూ ఉంటుంది. కిందికి దిగే పక్కనే చెక్క పెట్టాలి. అప్పుడు పలక చెక్కని అడుగున్న పీటకేసి అదుముతుంది. పైకి లేచే పక్క పెడితే చెక్కని లాగి ముఖం మీదికి విసిరేస్తుంది.

ఏ చెక్క?

కొండపల్లి బొమ్మలకి తెల్ల పొణికి చెక్క, ఏటికొప్పాకకి అంకుడు చెక్క. రెండూ మెత్తనివి, చెక్కితే పెచ్చులు లేవవు. మనకి కాఫీ తోటల్లో నీడకి పెంచే సిల్వర్ ఓక్ ముక్కలు దొరుకుతాయి. పండ్ల పెట్టెల చెక్క, వెదురు కూడా పనికొస్తాయి. పుల్లల మధ్య సందు వస్తే కొండపల్లి వాళ్ల మక్కు గుర్తు పెట్టుకోండి. చింతపిక్కల పిండి జిగురులో రంపపు పొట్టు కలిపి చేస్తారు. అరగదీసిన పొడి పారేయకండి, దానికే పనికొస్తుంది.

జాగ్రత్తలు

జడలు పైకి మడిచి కట్టుకోవాలి. చున్నీ తీసి పక్కన పెట్టాలి. సైకిల్ సాన దగ్గర ఇది మరీ ముఖ్యం.

ముక్కుకి తడి గుడ్డ కట్టుకోవాలి. ఏళ్ల తరబడి చెక్క పొడి పీలిస్తే క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెప్పిందని సార్ చెప్పేరు. ఆరుబయట చెయ్యాలి, గాలికి వీపు పెట్టి కూర్చోవాలి.

ఉలి ఎప్పుడూ మన నుంచి అవతలికే పోవాలి. పట్టుకున్న చెయ్యి ఉలి ముందర ఉండకూడదు.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి

పోయిన ఏడాది మా గదిలో ఒక పిల్ల గడ్డం బ్లేడుతో పుల్ల కోస్తుంటే బ్లేడు వంగి వేలు తెగింది. మూడు కుట్లు పడ్డాయి. మీరు ఆ రాత్రి చాలా భయపడ్డారు. మర్నాడు గదులన్నీ వెతికి బ్లేడులు, కత్తులు అన్నీ తీసేసుకున్నారు. నా వంతెన సగంలో ఆగిపోయింది. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే మీరు చేసింది సరే అనిపిస్తోంది.

కాని మేడమ్, వేలు తెగింది పని వల్ల కాదు, పనికిమాలిన పనిముట్టు వల్ల. ఆ బ్లేడుకి పిడి లేదు, బలం లేదు. పుల్లని కదలకుండా పట్టే ఆధారం లేదు. పిడి ఉన్న చిన్న రంపం ఉంటే ఆ పిల్ల వేలు తెగేది కాదు. దాచుకుని, దుప్పటి కింద, చీకట్లో చేస్తేనే ఎక్కువ ప్రమాదం.

అందుకని ఒక పాత ట్రంకు పెట్టె మీ ఆఫీసులో ఉంచండి. తాళం మీ దగ్గరే ఉండనీయండి. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు తెరవండి. పుస్తకంలో పేరు రాసి తీసుకుంటాం, లెక్కపెట్టి అప్పజెప్తాం. ఒక్కటి తగ్గినా ఆ వారం ఎవరికీ వద్దు. ఈ సెలవుల్లో చేసిన నాలుగు రంపాలు, రెండు ఉలులు, ఒక బర్మా మా ఊళ్లో నాన్న దగ్గర ఉన్నాయి. మీరు సరే అంటే ఈసారి నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు తెచ్చి మీ చేతికే ఇస్తాడు.

నా వంతెనకి ఇంకా పద్నాలుగు పుల్లలు కావాలి. అది పూర్తయినా మా వాగు మీద నిజం వంతెన లేచిపోదని నాకు తెలుసు. కాని నాన్నకి కాగితం రాయడం రాదు, అర్జీ పెట్టడం రాదు. ఎగ్జిబిషన్ చూడ్డానికి ఆఫీసర్లు వస్తారు కదా. వాళ్లు అడిగితే కొలతలతో సహా చూపించి చెప్తాను. 18 మీటర్లు సార్, తాడుతో కొలిచేం అని.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని