ఒక్క గొంతు పాటను ఎలా వినాలి?

ఒకే గొంతు, ఒకే వాయిద్యం ఉన్న విషాద గీతాలు వరుసగా నాలుగు వింటే అన్నీ ఒకే తీరుగా ఉన్నాయనిపిస్తుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. తప్పు పాటది కాదు, వినేవాళ్లదీ కాదు. సినిమా పాటలో చరణానికీ చరణానికీ మధ్య వయొలిన్లు, వేణువు వచ్చి చెవికి విశ్రాంతినిస్తాయి. ఒంటరి పాటలో ఆ విరామం గాయకుడు తీసుకునే ఊపిరే. అక్కడి నుంచే వినడం మొదలుపెట్టాలి.

జనగామకు దగ్గర్లోని రేబర్తిలో పుట్టిన కవి అందెశ్రీ బడికి పోలేదు, పశువులు కాశాడు. ఆయన 'మాయమైపోతున్నడమ్మా' పాటను సభల్లో డప్పులతో, కోరస్‌తో విన్నవాళ్లే ఎక్కువ. గుంపు పాడితే అది ధిక్కారం. అదే పాటను వాయిద్యం లేకుండా ఒక్కరు పాడితే తల్లి దగ్గర కూర్చొని చెప్పుకునే మొర అవుతుంది. మాట మారలేదు, బాణీ మారలేదు. పల్లవి చివర గొంతు కిందికి దిగే చోట కోరస్ అందుకోకపోయేసరికి, ఆ దిగడం మనకు వినపడుతుంది.

మహబూబాబాద్ జిల్లాకు చెందిన కవి జయరాజ్ 'వానమ్మ' పాటా అలాంటిదే. వానకాలం మబ్బు మీద ఆశ పెట్టుకున్న మెట్ట రైతు, రాని వానను ఇంటి ఆడబిడ్డను పిలిచినట్టు పిలుస్తాడు. పిలుపు మళ్లీ మళ్లీ వస్తుంది. మొదటిసారి అడిగినట్టుంటుంది, నాలుగోసారికి బతిమాలినట్టుంటుంది. పల్లవి తిరిగొచ్చిన ప్రతిసారీ 'ఇది విన్నదే కదా' అని చెవిని వదిలేయొద్దు. ఈసారి ఏం బరువు పెరిగిందో చూడాలి. నా దృష్టిలో విషాద గీతానికి పునరుక్తే ప్రాణం.

ఈ పిలుపు ఎక్కడిదో మన పల్లెల్లో వెతకడం కష్టమేమీ కాదు. చావింట ఆడవాళ్లు శోకాలు పెట్టి ఏడుస్తారు. పోయిన మనిషిని వరుసపెట్టి పిలుస్తూ, చేసిన మంచీ పడ్డ కష్టమూ లయలో చెబుతారు. దానికి పేరుపెట్టిన రాగం లేదు, తాళం లేదు, కానీ ఎక్కడ ఆగాలో అందరికీ తెలుసు. ఆ ఇంటికి రాత్రి తత్వాలు పాడేవాళ్లు వస్తే తంబుర మీటు ఒకే శ్రుతిని పట్టుకొని ఉంటుంది. అది పాటను అనుసరించదు, కదలదు. గొంతు ఎంత దూరం పోయిందో మనకు కొలిచి చూపేది ఆ కదలని శ్రుతే. తీగ వాయిద్యం 'బాగా వాయించలేదు' అనుకునే చోట చాలాసార్లు అది చేస్తున్న పని ఇదే.

కిన్నెర సంగతి వేరు. నాగర్‌కర్నూల్ ప్రాంతానికి చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ అందుకున్నాడు. వెదురు బొంగుకు సొరబుర్రలు కట్టిన ఆ వాయిద్యం గొంతుతో కలిసి నడుస్తుంది, మాట ఆగినచోట తాను అందుకుంటుంది.

ఇలాంటి ఒంటరి పాట బయటి దేశాల్లోనూ ఉంది. ఇంగ్లిష్ గాయకుడు నిక్ డ్రేక్ 'పింక్ మూన్' ఆల్బం 1972లో వచ్చింది. పదకొండు పాటలు, అరగంటకు లోపే. గొంతు, గిటారు తప్ప మొదటి పాటలో కాస్త పియానో, అంతే. అప్పట్లో కొన్నవాళ్లు కొద్దిమందే. 1974లో ఇరవయ్యారేళ్లకే ఆయన చనిపోయాడు. ఆ పాటల్లో గాయకుడు ఎక్కువగా తనలో తానే మాట్లాడుకుంటాడు. అందెశ్రీ, జయరాజ్ పాటల్లో ఎదుట అమ్మో, వానో ఉంటుంది. రెండు రకాల దుఃఖాలకూ వినే తీరు మార్చుకోవాలి: అక్కడ చాటుగా విన్నట్టు వినాలి, ఇక్కడ పిలుపు అందుకునేవాళ్లలా వినాలి.

ఆచరణలో చేయాల్సింది కొంచెమే. ఆల్బం అయితే పాటల వరుసను కలగాపులగం చేయొద్దు. పాడినవాళ్లు ఏది ముందు, ఏది తర్వాత అని ఆలోచించే పెట్టారు. యూట్యూబ్‌లో కీబోర్డు, ప్యాడ్లు జోడించిన రూపం మొదట కనిపిస్తుంది, దాన్ని పక్కనపెట్టి ఉత్త గొంతుతో పాడినది వెతకండి. మొదటిసారి మాటల కోసం, రెండోసారి ఊపిరి కోసం వినండి. రెండోసారి విన్నాక కూడా పట్టకపోతే ఓ నెల ఆగి మళ్లీ పెట్టండి.