ఆ పేజీ మీ చేతికే ఎందుకివ్వాలి?

ఆత్రేయపురంలో పూతరేకులు చేసి అమ్మే ఓ కుటుంబాన్ని ఊహించుకోండి. పిండిలో తడిపిన గుడ్డతో బోర్లించిన కుండ మీద ఒక్క పూత పూసి రేకు తీసేది ఇంట్లో ఆడవాళ్లు. డబ్బాలు కట్టి కొరియర్‌కి ఇచ్చేది, లెక్కలు రాసుకునేది ఇంటి పెద్దాయన. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు జీఐ గుర్తింపు వచ్చింది. ఇప్పుడు హైదరాబాద్ నుంచీ, బెంగళూరు నుంచీ ఇన్‌స్టాగ్రామ్‌లో అడిగేవాళ్లున్నారు. పెద్దాయనకేమో కూర్చుని టైప్ చేసే తీరిక లేదు. పేజీ ఎవరికి అప్పగించాలి?

ఆయన ముందు నలుగురున్నారు. ఇంటర్ చదివే మేనల్లుడు, రాజమహేంద్రవరంలో ఓ డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీ, కామెడీ రీల్స్‌తో 50 వేల మంది ఫాలోవర్లను సంపాదించిన ఊరి కుర్రాడు, డిగ్రీ ఫైనలియర్‌లో ఉండి పార్ట్‌టైమ్ పని వెతుక్కుంటున్న మీరు. ఒక్కసారి ఆయన కుర్చీలో కూర్చుని చూడండి, ఎవరిని తీసుకుంటారు?

మేనల్లుడు ఇంటి మనిషి, జీతం అడగడు. కానీ మార్చి వస్తే పరీక్షలు, పేజీ నిద్రపోతుంది. పైగా పని సరిగ్గా చేయకపోతే మందలించడం కష్టం, అక్కకి కోపమొస్తుంది. ఏజెన్సీ వాళ్లు ఉగాదికీ, దసరాకీ చక్కటి పోస్టర్లు వేస్తారు. అయితే ఈ రోజు బెల్లంవి అయిపోయాయా, పంచదారవి ఉన్నాయా అన్న సంగతి వాళ్లకెలా తెలుస్తుంది? ఇక రీల్స్ కుర్రాడి ఫాలోవర్లు అతని జోకుల కోసం వచ్చినవాళ్లు. లక్ష మంది చూసి నవ్వినా డబ్బా ఒక్కటీ కదలకపోవచ్చు.

మరి మిమ్మల్నెందుకు తీసుకోవాలి? ‘క్యాన్వా వచ్చు, రీల్స్ ఎడిటింగ్ వచ్చు’ అంటారేమో. అవి మిగతావాళ్లకీ వచ్చు.

అసలు పని ఇన్‌బాక్స్‌లో

‘ఎన్ని రోజులు నిల్వుంటాయండీ?’, ‘అమెరికా పంపిస్తారా?’, ‘దారిలో విరిగిపోతే?’ ఒక స్వీట్ల వ్యాపారం పేజీకి వచ్చే మెసేజ్‌లలో ఎక్కువ ఇలాంటివే. జవాబు తెల్లారేదాకా ఆగితే కస్టమర్ పక్క దుకాణానికి వెళ్లిపోతాడు. కాబట్టి పోస్టుల సంగతి తర్వాత, ముందు ఈ ప్రశ్నలకు పెద్దాయన ఏం చెబుతారో అడిగి రాసుకోండి. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో కేటలాగ్, క్విక్ రిప్లైలు, ఆర్డర్లకు లేబుళ్లు అన్నీ ఉచితం. వాటిని సెట్ చేయడానికి ఒక పూట చాలు.

విరిగిన రేకుల ఫొటోతో ఎవరైనా కామెంట్ పెడితే? తీసేయాలనిపిస్తుంది, తీసేయొద్దు. అక్కడే మర్యాదగా జవాబిచ్చి, విషయాన్ని ఫోన్‌కి మార్చండి. డబ్బు వాపసిస్తామని మాట ఇచ్చే అధికారం మీది కాదు. ఎంతవరకు మీరే తేల్చొచ్చో, ఎక్కడ ఆయన్ను అడగాలో పనిలో చేరిన రోజే మాట్లాడుకోండి.

తాళాలు ఎవరి దగ్గర?

యజమానికి లోపల ఉండే అసలు భయం ఇది. నాకు తెలిసిన ఓ చేనేత చీరల దుకాణం పేజీని ఒక అబ్బాయి సొంత నంబరు మీద తెరిచాడు. తర్వాత వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు, పాత సిమ్ వదిలేశాడు. పాస్‌వర్డ్ మర్చిపోతే ఓటీపీ ఆ నంబరుకే వెళుతుంది కదా. అతనికి దురుద్దేశమేమీ లేదు. కానీ నాలుగేళ్ల ఫొటోలు, పాత కస్టమర్ల మెసేజ్‌లు అన్నీ పోయాయి. దుకాణం మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టింది.

అందుకే ‘పాస్‌వర్డ్ చెప్పండి సార్’ అని మీరు అడక్కండి. ఖాతా ఆయన నంబరు, ఆయన మెయిల్ మీదే ఉండాలి. ఫేస్‌బుక్ పేజీకీ, దానికి కలిపిన ఇన్‌స్టాగ్రామ్‌కీ మెటా బిజినెస్ సూట్ ద్వారా మీకు పని చేసేంత వరకే అనుమతి ఇప్పించుకోవచ్చు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో ‘మేనేజర్’గా చేరితే సమయాలు మార్చొచ్చు, రివ్యూలకు జవాబివ్వొచ్చు. ప్రొఫైల్ తీసేయడం, కొత్తవాళ్లను చేర్చడం మాత్రం ఓనర్ చేతిలోనే ఉంటుంది. వాట్సాప్‌ను లింక్డ్ డివైజ్‌గా వాడితే, ఆయన ఫోన్ నుంచే మిమ్మల్ని ఎప్పుడైనా లాగౌట్ చేసేయొచ్చు. ఇదంతా ఇంటర్వ్యూలో మీరే ముందుగా చెప్పండి. ఆయన మొహంలో మార్పు మీకే కనిపిస్తుంది.

ప్రకటనల డబ్బు కూడా ఆయన ఖాతా నుంచే వెళ్లాలి. 500 రూపాయల ప్రకటనకు 18 శాతం జీఎస్టీ కలిస్తే 590 అవుతుంది. ఈ లెక్క ముందే చెప్పకపోతే నెలాఖరున 90 రూపాయలకు సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఇంకో రెండు చిక్కులున్నాయి. ఒకటి పాటలు. బిజినెస్ ఖాతాల్లో చాలా సినిమా పాటలు దొరకవు. ఎక్కడో డౌన్‌లోడ్ చేసి తగిలిస్తే కాపీరైట్ దెబ్బ తగిలేది దుకాణానికే. (కుండ మీంచి రేకు లేస్తున్న చప్పుడుకి మించిన నేపథ్య సంగీతం ఇంకేం కావాలి చెప్పండి!) రెండోది, ‘మీ ఫ్రెండ్స్‌తో ఓ ఇరవై ఫైవ్ స్టార్ రివ్యూలు వేయించు బాబూ’ అన్న మాట. నవ్వుతూనే కుదరదని చెప్పండి. నకిలీ రివ్యూలు గూగుల్ నిబంధనలకు విరుద్ధం, తీసేస్తారు. ఆన్‌లైన్ రివ్యూల కోసం మన దేశంలో 2022లోనే ఐఎస్ 19000 అనే ప్రమాణం కూడా వచ్చింది.

వెళ్లేముందు

ముప్పై స్లైడుల పీపీటీ వద్దు. ఓ డబ్బా కొని తినండి. పేజీలో జవాబులేని ఓ పది కామెంట్లు ఏరి, ఒక్కోదానికి మీరైతే ఏం రాసేవారో కాగితం మీద రాసి తీసుకెళ్లండి. నా దృష్టిలో సర్టిఫికెట్ కన్నా ఆ కాగితానికే బరువెక్కువ. అలాగని కోర్సులు దండగని కాదు. మెటా బ్లూప్రింట్, గూగుల్ స్కిల్‌షాప్‌లలో ఉచితంగా నేర్చుకోవచ్చు. వాటి సంగతి ఇంటర్వ్యూలో చివర్లో చెప్పినా సరిపోతుంది.

మీ సెమిస్టర్ పరీక్షల తేదీలు దాచకండి. ఆ పది రోజులు మెసేజ్‌లు ఎవరు చూస్తారో మీరే ఏర్పాటు చెబితే, మేనల్లుడి మీద మీదే పైచేయి. జీతం దగ్గర మొహమాటపడొద్దు. వారానికి ఎన్ని గంటలో లెక్కేసి నెలకింత అని అడగండి. ‘అనుభవం వస్తుంది కదమ్మా’ అంటే ఒక వారం ట్రయల్‌కి సరే అనండి, ఆపైన వద్దు. ఏ పనులు మీవి, ఆదివారం జవాబివ్వాలా, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి ఒక పేజీలో రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి.

చేరాక నెలనెలా ఒక చిన్న పట్టిక ఉంచుకోండి. ఎన్ని ఎంక్వైరీలు వచ్చాయి, ఎంతసేపట్లో జవాబిచ్చారు, వాటిలో ఎన్ని ఆర్డర్లయ్యాయి అని. రేపు పెద్ద కంపెనీ ఇంటర్వ్యూలో ఫాలోవర్ల సంఖ్య చెప్పినప్పటికంటే ఈ పట్టిక చూపించినప్పుడు ప్రశ్నలు ఎక్కువొస్తాయి, మాట్లాడటానికి మీ దగ్గర సరుకూ ఉంటుంది. ఆ ఉద్యోగమొచ్చి వెళ్లే రోజున క్విక్ రిప్లైలు, ఫొటోలు, పట్టిక అన్నీ ఆయనకు అప్పగించండి. మీ అనుమతులన్నీ ఆయన చేతే తీయించి, పేజీ ఆయన ఫోన్‌లో తెరుచుకుంటోందని చూశాకే బస్సెక్కండి.