మెల్లగా ఉరకడం మనకెవరూ నేర్పలేదు

మన ఊళ్లలో పరుగంటే పందెమే. ఆగస్టు పదిహేనుకు బడిలో పెట్టే వంద మీటర్ల పరుగు, ముందొచ్చినవాళ్లకు స్టీలు గ్లాసో టిఫిన్ డబ్బానో. ఆ తర్వాత మనిషి మళ్లీ పరుగెత్తేది కదులుతున్న బస్సు వెంటే. అందుకని నలభై దాటాక డాక్టరు చెప్పాడనో పొట్ట పెరిగిందనో కొత్త బూట్లేసుకుని గ్రౌండుకొచ్చినవాళ్లు, మొదటి రోజే బస్సు తప్పిపోతున్నట్టు ఉరుకుతారు. రెండు నిమిషాల్లో ఆయాసం, డొక్కలో పోటు. ‘ఇది మన ఒంటికి పడేది కాదులే’ అని వారం తిరక్కుండానే మానేస్తారు. వాళ్ల ఒంట్లో లోపమేమీ లేదు. మెల్లగా ఉరకొచ్చని వాళ్లకెవరూ చెప్పలేదు, అంతే.

నాకు నలభై ఆరేళ్లు. హనుమకొండలో బ్యాంకు ఉద్యోగం. పొద్దున అయిదింటికి సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకొస్తే రెండు రకాల జనం కనిపిస్తారు. నడిచేవాళ్లు ఒక రకం, పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు రెండో రకం. 2022 తెలంగాణ కానిస్టేబుల్ నోటిఫికేషన్ ప్రకారం మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలి. ఆ గీత దాటకపోతే ఏళ్ల చదువు వృథా కాబట్టి ఊపిరి తెగేలా ఉరుకుతారు పాపం. వాళ్ల అవసరానికి అది సరైన పద్ధతే. చిక్కల్లా వాళ్లను చూసి పరుగంటే అదేననుకునే మాలాంటి పెద్దవాళ్లతోనే.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి ఓ రోజు నా పక్కకొచ్చి, “ఆంటీ, గింత మెల్లగ ఉరుకుతరేంది? నడిచేటోళ్లు గూడ మిమ్మల్ని దాటిపోతున్నరు” అంది. “నువ్వు ఎనిమిది వందల మీటర్లు ఉరికి ఆగిపోతవు బిడ్డా. నేను నలభై రెండు కిలోమీటర్లు పోవాలె” అన్నాను. నమ్మినట్టు లేదు. నవ్వి వెళ్లిపోయింది.

ఎంత మెల్లగా అంటే, దానికి గడియారం అక్కర్లేదు. పక్కనున్న మనిషికి మొన్న చూసొచ్చిన పెళ్లి సంబంధం సంగతంతా మధ్యలో రొప్పకుండా చెప్పగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. ‘ఊ’, ‘ఆ’ తప్ప మాట పెగలకపోతే వేగం ఎక్కువైనట్టు. శిక్షకులు దీన్ని ‘టాక్ టెస్ట్’ అంటారు. చేతికి కట్టుకునే ఖరీదైన వాచీలు చెప్పేదీ ఇంచుమించు ఇదే.

మెల్లగా పరుగెత్తితే లాభం రాదేమోనన్న అనుమానం అందరికీ ఉంటుంది. కానీ ఎక్కువ దూరాలకు కావలసిన మార్పులు చాలావరకు ఆ తేలిక వేగంలోనే వస్తాయి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ పంపే రక్తం పెరుగుతుంది. కండరాల్లో సన్నటి రక్తనాళాలు కొత్తగా అల్లుకుంటాయి. కండర కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా సంఖ్య పెరుగుతుంది. కొవ్వును ఇంధనంగా వాడుకోవడం ఒంటికి బాగా అలవాటవుతుంది. కొన్ని వారాలకే ఆ తేడా మనకే తెలుస్తుంది: మొన్నటిదాకా ఆయాసపెట్టిన దూరం హాయిగా అయిపోతుంది.

ప్రమాదం ఉన్నదీ అక్కడే. ఊపిరి వారాల్లో కుదురుకుంటుంది కానీ ఎముకలు, వాటికి కండరాల్ని పట్టి ఉంచే స్నాయువులు గట్టిపడటానికి నెలలు కావాలి. పరుగులో ప్రతి అడుగుకూ కాలి మీద ఒంటి బరువుకు రెండు మూడింతల భారం పడుతుంది. అరవై కిలోల మనిషైతే 120 నుంచి 180 కిలోలు. కిలోమీటరుకు అలాంటి అడుగులు వెయ్యికి పైనే. మా బ్రాంచిలో ఒకాయన రెండో నెలలో ఊపిరి బాగా ఆడుతోందని ఒక్కసారిగా దూరం రెట్టింపు చేశాడు. మోకాలి కింద, ముందు ఎముక లోపలి అంచు వెంట సలుపు పట్టుకుంది. పరుగుకు కొత్తవాళ్లలో చాలామందిని పలకరించే నొప్పే అది. కొన్నాళ్లు ఆగితే పోతుంది. కానీ వేలితో నొక్కితే ఒక్కచోటే ప్రాణం లేచిపోయేంత నొప్పి ఉన్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా పీకుతున్నా ఎముకలో సన్నటి పగులు ఉండొచ్చు. అప్పుడు నూనె రాసి మర్దనా చేసుకుంటూ కూర్చోకూడదు, ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మొదలుపెట్టడానికి నేను అందరికీ చెప్పేది ఒకటే పద్ధతి. అమెరికాలో జోష్ క్లార్క్ అనే ఆయన 1996లో ‘కౌచ్ టు 5కే’ అని ఒక ప్రణాళిక తయారుచేశాడు. వారానికి మూడు రోజులే. ముందు అయిదు నిమిషాల నడక, తర్వాత 60 సెకన్లు మెల్లని పరుగు, 90 సెకన్లు నడక. అలా 20 నిమిషాలు. వారాలు గడిచేకొద్దీ పరుగు పెరిగి నడక తగ్గుతుంది, తొమ్మిదో వారానికి అరగంట ఆగకుండా పరుగెత్తే స్థాయికి వస్తారు. మన వయసుకూ మన ఎండలకూ తొమ్మిది వారాలు పన్నెండో పద్నాలుగో అయినా కొంప మునిగేదేం లేదు. కష్టంగా ఉన్న వారాన్ని మళ్లీ చేసుకుంటే సరి. మన గ్రౌండుల్లో మధ్యలో నడిస్తే పరువు పోయిందనుకుంటారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పదివేల మీటర్లు పరుగెత్తిన జెఫ్ గాలోవే, కొంత పరుగు, కొంత నడక పద్ధతిలో కొత్తవాళ్ల చేత మారథాన్లే పూర్తిచేయించాడు. అంతటివాడే నడవమన్నాక మనకేం నామోషీ?

నలభై దాటినవాళ్లు ముందు బీపీ, షుగరు, ఈసీజీ చూపించుకోవాలి. ఛాతీ బరువెక్కడం, కళ్లు తిరగడం, గుండె లయ తప్పి కొట్టుకోవడం ఉంటే ఆ రోజుకు ఆపేయడమే, డాక్టరు చూశాకే మళ్లీ పరుగు. ఆడవాళ్లు హిమోగ్లోబిన్ పరీక్ష కూడా చేయించుకోవాలి. ఎంత మెల్లగా వెళ్లినా ఆయాసం వదలట్లేదని బాధపడే మనవాళ్లలో చాలామందికి కొరత రక్తంలోనే ఉంటుంది.

బూట్ల గురించి అందరూ గంటలు గంటలు మాట్లాడతారు, నాకంత ఓపిక లేదు. సాయంత్రం పూట కొనండి, పొద్దంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. వాటిలో కాలు హాయిగా ఉంటే అవే మంచి బూట్లు. 500 నుంచి 800 కిలోమీటర్లయ్యాక మార్చాలి, పైకి కొత్తగా కనబడినా సరే.

ఇక ఆడవాళ్ల సంగతి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్లకు 800 మీటర్లు పెట్టారు. ఆఖర్న అలసిపోయి కొందరు కూలబడ్డారని పత్రికలు గగ్గోలు పెడితే తీసేశారు, మళ్లీ పెట్టింది 1960లో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ వచ్చింది 1984లో. మా గ్రౌండులో కానిస్టేబుల్ పిల్లలు రోజూ ఉరికే ఆ 800 మీటర్లు ఒకప్పుడు ఆడమనిషికి మించిన దూరమని పెద్దమనుషులు తీర్మానించారంటే ఆ పిల్లలు పడీపడీ నవ్వుతారు. మాకొచ్చే అడ్డంకులు వేరే. చీకట్లో ఒంటరిగా వెళ్లలేం కాబట్టి తోడు కావాలి. మంచి స్పోర్ట్స్ బ్రా బూట్లంత అవసరం, దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. నూలు టీషర్టు చెమటకు తడిసి బరువెక్కి ఒరుసుకుంటుంది. తేలికగా ఆరిపోయే బట్ట మేలు. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నిలబడాలి. ఉరికితే అవీ ఉరుకుతాయి.

అయిదు కిలోమీటర్లు వచ్చాక పది, పది వచ్చాక 21.1, అంటే సగం మారథాన్. మొదటి అడుగు నుంచి పూర్తి మారథాన్‌కు ఒకటిన్నర, రెండేళ్లు పెట్టుకోవడం మా వయసుకు మర్యాద. అందులో మారథాన్ శిక్షణే 16 నుంచి 20 వారాలు. వారంలో రెండు మూడు చిన్న పరుగులు, ఆదివారం ఒక పొడవాటి పరుగు. ఆ పొడవాటిది మెల్లమెల్లగా పెరిగి 30, 32 కిలోమీటర్ల దాకా వస్తుంది. నాలుగు వారాలకోసారి దూరం తగ్గించి కాళ్లకు తెరిపినివ్వాలి. పందేనికి ముందు రెండు మూడు వారాలు బాగా తగ్గించేయాలి. ఈ తగ్గించే వారాల్లోనే మనిషికి పిచ్చెక్కుతుంది. లేని నొప్పులన్నీ గుర్తొస్తాయి.

ఆదివారం పరుగుకు ముందురోజే ఇల్లంతా నా మీద విసుక్కుంటుంది. శనివారం రాత్రి ఎనిమిదికల్లా అన్నం తినేసి పడుకుంటాను. తెల్లారి నాలుగింటికి లేచి ఒక అరటిపండు, రెండు ఖర్జూరాలు, చిన్న గ్లాసు టీ. తొడల మధ్య, చంకల్లో, బ్రా పట్టీ తగిలే చోట వ్యాజిలైన్ పట్టిస్తాను. పట్టించనినాడు స్నానం చేసేటప్పుడు తగిలే మంట పగవాళ్లకు కూడా వద్దు. వడ్డేపల్లి చెరువు కట్ట మీద చీకట్లో మొదలుపెడితే మొదటి అరగంట ఒళ్లు మొండికేస్తుంది, తర్వాత సర్దుకుంటుంది. నడుముకు కట్టుకున్న సంచిలో బెల్లం ముక్కలు, ఓఆర్‌ఎస్ పొట్లం. గంట దాటాక ప్రతి అరగంటకూ ఏదో ఒకటి నోట్లో వేసుకుంటాను. పందెం రోజు తినబోయేదేదైనా ముందు ఇలాంటి ఆదివారాల్లో తిని చూసుకోవాలి. కొత్త తిండితో పందేనికి వెళ్లినవాళ్లు దారి పొడుగునా మరుగుదొడ్డి కోసం వెతుక్కుంటారు.

తినడం ఎందుకంటే, మా బ్యాంకు భాషలో చెబుతాను. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ సేవింగ్స్ ఖాతా లాంటిది. ఎప్పుడంటే అప్పుడు చేతికొస్తుంది కానీ నిల్వ తక్కువ. కొవ్వు ఫిక్స్‌డ్ డిపాజిట్. బోలెడంత ఉంటుంది, తొందరగా చేతికి రాదు. వేగం పెంచితే సేవింగ్స్ ఖాతా త్వరగా ఖాళీ అవుతుంది. దాదాపు 30 కిలోమీటర్ల దగ్గర చాలామంది కాళ్లు రాళ్లయిపోయి, బుర్ర పనిచేయక నిలబడిపోయేది అందుకే. పరుగెత్తేవాళ్లు దాన్ని ‘గోడ’ అంటారు. మొదటి పది కిలోమీటర్లు మెల్లగా వెళ్లినవాళ్లకు ఆ గోడ ఎత్తు తగ్గుతుంది.

నీళ్ల విషయంలో రెండు వైపులా ప్రమాదముంది. తాగకపోతే వడదెబ్బ. భయపడి దాహం లేకపోయినా దారిలో నీళ్లిచ్చే ప్రతి బల్ల దగ్గరా లోటాలకొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడి తల తిరగడం, వాంతులు, మరీ ముదిరితే ప్రాణం మీదికి రావడం. దాహమైనప్పుడు తాగాలి. మామూలు నీళ్లొక్కటే తాగకుండా ఉప్పు కలిసినవి కూడా తీసుకోవాలి.

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లనే వింత అంకె 1908 లండన్ ఒలింపిక్స్‌ది. 1896లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో పరుగెత్తింది దాదాపు 40 కిలోమీటర్లే. లండన్‌లో విండ్సర్ కోట నుంచి స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటి దాకా కొలిస్తే ఈ లెక్క వచ్చింది, 1921లో అదే ఖాయమైంది. 2023 అక్టోబరులో షికాగోలో కెన్యా కుర్రాడు కెల్విన్ కిప్టుమ్ ఆ దూరాన్ని 2 గంటల 35 సెకన్లలో ముగించాడు. కానిస్టేబుల్ పరీక్షలో 7 నిమిషాల 15 సెకన్లు ఇచ్చే 1600 మీటర్లను అతను సగటున 4 నిమిషాల 34 సెకన్లలో, మధ్యలో ఆగకుండా ఇరవయ్యారు సార్లు పరుగెత్తాడన్నమాట. మన శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో పరుగెత్తి నెలకొల్పిన జాతీయ రికార్డు దశాబ్దాల పాటు చెక్కుచెదరలేదు. ఆయన చాలా పందేల్లో వట్టి కాళ్లతోనే ఉరికాడు. నా లెక్క వేరు. కిలోమీటరుకు 8 నిమిషాల చొప్పున వెళ్తే 5 గంటల 38 నిమిషాలు. నాకు దారి చూపే దేవుడు ఫౌజా సింగ్. ఆయన లండన్‌లో తొలి మారథాన్ పరుగెత్తింది 89 ఏళ్లకు.

నేను తయారవుతున్న హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో ఉంటుంది. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి స్టేడియానికి. వానాకాలపు ఉక్కలో చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. దానికితోడు దారంతా ఫ్లైఓవర్లు. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. చెరువు కట్ట మీది చదునైన పరుగు ఈ పనికి చాలదు. అందుకని ఆదివారాల్లో కొన్ని ఫాతిమానగర్ రైల్వే బ్రిడ్జికి కేటాయించాను, బస్సులు బయల్దేరకముందే. ఎక్కేటప్పుడు చిన్న అడుగులు, చూపు కాళ్ల ముందు. దిగేటప్పుడు బ్రేకు వేసుకున్నట్టు వెనక్కి వాలితే తొడలు దెబ్బతింటాయి, ఒంటిని వాలుకు వదలాలి.

అయినా తొడలు ఊరుకోవు. దిగుడులో కండరం సాగుతూనే బరువు మోస్తుంది, అందుకే ఆ నొప్పి ఎక్కువ. అది మర్నాటికంటే రెండో రోజు ముదురుతుంది. మా బ్రాంచిలో రికార్డు గది పై అంతస్తులో ఉంది. ఎక్కడం ఫర్వాలేదు. ఓ మంగళవారం నేను కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టూ వెనక్కి తిరిగి దిగుతుంటే కింద పెన్షను కోసం కూర్చున్న పెద్దాయన లేచి నిలబడి, “ఏమైంది బిడ్డా, వాతమా? మా ఊర్ల మంచి పసరు మందున్నది, తెప్పియ్యాలా?” అని అడిగాడు. మారథాన్ గురించి చెప్పాను. ఆయన అంతా విని, “మరి ఎవలన్న తరుముతున్నరా?” అన్నాడు.