పాత కారు తుక్కుకి వెళ్లాక ఏమవుతుంది?



గత నెల ఆరో తరగతి పిల్లల్ని బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియానికి తీసుకెళ్లాం. శంషాబాద్ నుంచి ఆరాంఘర్ మీదుగా వెళ్తే జూ పార్కు దగ్గరే ఉంటుంది. క్రికెట్ బ్యాట్ కారు, బర్గర్ కారు, కెమెరా కారు, హైహీల్స్ చెప్పు కారు! అన్నీ నడిచేవే. కె. సుధాకర్ గారు స్కూలు రోజుల్లో సరదాగా మొదలుపెట్టిన పని ఇది. 2005లో ఆయన చేసిన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు ట్రైసైకిల్‌కి గిన్నిస్ రికార్డు వచ్చింది. ఈ బండ్లకు వాడిన సామాన్లలో చాలావరకు తుక్కు నుంచి ఏరి తెచ్చినవే.

తిరిగి వస్తుంటే బస్సులో ఒక బాబు అడిగాడు: "మిస్, మా డాడీ పాత కారుని స్క్రాప్‌కి ఇచ్చేశారు. దాన్ని ఏం చేస్తారు?" పిల్లలకు చెప్పాల్సింది క్లాసులో చెప్పాను. పెద్దలకు చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

యార్డులో జరిగేది

పద్ధతిగా నడిచే యార్డులో మొదట బ్యాటరీ తీస్తారు. తర్వాత ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, కూలెంట్, ఏసీ గ్యాస్ విడివిడిగా తీసేస్తారు. బ్యాటరీలో సీసం, యాసిడ్ ఉంటాయి. వాటిని నేల మీద పారబోస్తే మట్టి, బోరు నీళ్లు పాడవుతాయి. ఆ తర్వాత బాగున్న పార్టుల్ని విప్పుతారు: డోర్లు, అద్దాలు, హెడ్‌లైట్లు, స్టార్టర్ మోటార్, గేర్ బాక్స్. పొగ గొట్టంలో ఉండే కెటాలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలు కొద్దిగా ఉంటాయి. వాటిని తిరిగి తీస్తారు. చివరికి మిగిలిన బాడీని నలగ్గొట్టి ఫర్నేస్‌కి పంపుతారు. స్టీలుని ఎన్నిసార్లయినా కరిగించి వాడుకోవచ్చు.

ఏది కొనొచ్చు, ఏది వద్దు

పాత మోడల్ కారుకి డోరో, సైడ్ మిర్రరో, హెడ్‌లైటో కావాలంటే సెకండ్ హ్యాండ్‌లో కొనడం తప్పు కాదు, డబ్బు ఆదా అవుతుంది. కానీ పిల్లలు కూర్చునే బండిలో ఈ నాలుగూ పాతవి వద్దు:

• ఎయిర్‌బ్యాగ్: లోపల పేలే పదార్థం ఉంటుంది. పాతది సమయానికి తెరుచుకోకపోవచ్చు, అనుకోకుండా పేలనూవచ్చు.
• సీట్ బెల్ట్: ఒకసారి యాక్సిడెంట్‌లో గట్టిగా లాగబడితే దాని బలం తగ్గుతుంది. చూస్తే తెలియదు. పిల్లల కార్ సీటుకీ ఇదే వర్తిస్తుంది.
• బ్రేక్ ప్యాడ్లు.
• టైర్లు: గాట్లు బాగా కనిపిస్తున్నా, లోపల రబ్బరు గట్టిపడి ఉండొచ్చు.

మా ఇంట్లో జరిగింది

మా నాన్నగారి మారుతి 800 ఎన్నో ఏళ్లు ఇంటి ముందు కదలకుండా ఉండేది. ఒకాయన వచ్చి డబ్బు చేతిలో పెట్టి తీసుకెళ్లాడు. కాగితం లేదు, రసీదు లేదు. ఆరు నెలల తర్వాత నాన్న ఫోన్‌కి ఓవర్ స్పీడ్ ఈ-చలాన్ వచ్చింది. ఫొటో తెరిచి చూస్తే వేరే కారు, మా నంబర్ ప్లేటు! పోలీస్ స్టేషన్, ఆర్టీఏ ఆఫీసు చుట్టూ నాన్న చాలాసార్లు తిరిగారు. చలాన్ కాబట్టి సరిపోయింది. ఆ బండి ఎవరినైనా గుద్ది ఉంటే? రికార్డులో ఓనర్ ఇంకా మా నాన్నే.

మీరు చేయాల్సింది

15 ఏళ్లు నిండగానే సొంత కారుని తుక్కుకి ఇచ్చేయాలని చాలామంది అనుకుంటారు. మన దగ్గర అలా లేదు. ఫిట్‌నెస్ ఉంటే ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవచ్చు. ఢిల్లీ నిబంధనలు వేరు.

ఇవ్వాలనే నిర్ణయించుకుంటే, 2021 కేంద్ర నిబంధనల కింద రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రానికే ఇవ్వండి. వీ-స్క్రాప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయవచ్చు. బండి దొంగతనానిదా కాదా అని వాళ్లు పోలీసు రికార్డుల్లో చూసుకుని, మీకు సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు. దాన్ని చూపిస్తే కొత్త బండి రోడ్డు టాక్స్‌లో రాయితీ ఉంటుంది. 2021లో కేంద్ర నిబంధనల్లో సొంత వాహనాలకు గరిష్ఠ పరిమితిని 25 శాతంగా పెట్టారు. మనకు ఎంత వస్తుందో ఆర్టీఏలో అడగండి.

పనికిరాకుండా పోయిన బండి గురించి 14 రోజుల్లో ఆర్టీఏకి తెలిపి, ఆర్‌సీ అప్పగించాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఆర్‌సీ రద్దయినట్టు కాగితం చేతికి వచ్చేదాకా పని పూర్తయినట్టు కాదు.

ఈ ఆదివారం పిల్లలతో

మీ కారు టైరు పక్కన DOT అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. టైరు వయసెంతో పిల్లలతో లెక్క కట్టించండి. ఒక అయస్కాంతం ఇచ్చి డోరుకి, అల్లాయ్ వీల్‌కి, బంపర్‌కి అంటుకుంటుందో లేదో చూడమనండి. జవాబులు సైన్స్ నోట్‌బుక్‌లో రాసి తెస్తే సోమవారం క్లాసులో మాట్లాడుకుంటాం. ఆర్‌సీ రద్దు చేయించని పాత బండి ఏదైనా ఉందేమో, మీరు కూడా అదే రోజు ఒకసారి ఫైలు తెరిచి చూసుకోండి.