ధన రెగ్యులేటర్లతో ద్విధ్రువ విద్యుత్ సరఫరా: సూత్రం, నిర్మాణం, పరిమితి

వ్యాససంగ్రహం
ఆపరేషనల్ ఆంప్లిఫయర్ ప్రయోగాలకు ధన, రుణ వోల్టేజీలు రెండూ అవసరం. రుణ రెగ్యులేటర్ లేకుండా, ఒకే రకమైన రెండు ధన రెగ్యులేటర్లతో ఈ సరఫరాను నిర్మించవచ్చు. అయితే రెండు మూల సరఫరాలు పరస్పరం వేరుగా ఉండాలి. ఈ షరతు ఎందుకు అనివార్యమో ±12 వోల్టుల సరఫరా ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ద్విధ్రువ సరఫరా, 7812, వోల్టేజి రెగ్యులేటర్, ట్రాన్స్‌ఫార్మర్, రిపుల్.

1. ప్రవేశిక
డిగ్రీ, పీజీ ప్రయోగశాలల్లో 741 ఆప్-ఆంప్ వలయాలకు సాధారణంగా ధన వైపు 7812ను, రుణ వైపు 7912ను వాడతారు. వీటి కాళ్ల అమరిక ఒకటి కాదు. 7812లో వరుసగా ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్ ఉంటాయి. 7912లో గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్ ఉంటాయి. ఈ తేడాను గమనించక ఒకే తీరున కలిపి పరికరాన్ని పాడుచేసుకొనే అవకాశం ఉంది. పైగా 79 శ్రేణి స్థిరంగా పనిచేయడానికి అవుట్‌పుట్ వద్ద కెపాసిటర్ తప్పనిసరి. రెండు వైపులా 7812నే వాడటం వల్ల ఈ ఇబ్బందులు తొలగుతాయి.

2. సూత్రం
వోల్టేజి అంటే రెండు బిందువుల మధ్య భేదం. 7812 తన అవుట్‌పుట్‌ను తన గ్రౌండ్ కాలి కంటే 12 వోల్టుల ఎగువన నిలుపుతుంది. ఆ కాలు నిజంగా భూమికి కలిసి ఉందా లేదా అన్నదానితో దానికి నిమిత్తం లేదు. కాబట్టి మొదటి రెగ్యులేటర్ గ్రౌండ్‌ను రెండవదాని అవుట్‌పుట్‌కు కలిపి, ఆ బిందువును సున్నాగా పరిగణిస్తే, మొదటిదాని అవుట్‌పుట్ +12, రెండవదాని గ్రౌండ్ కాలు −12 అవుతాయి. రెండు బ్యాటరీలను శ్రేణిలో కలిపి, మధ్య బిందువు నుండి కొలవడం వంటిదే ఇది.

3. వేర్పాటు ఎందుకు అవసరం?
15-0-15గా లభించే మూడు తీగల ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒకే బ్రిడ్జి రెక్టిఫైయర్‌ను జోడిస్తే, నడిమి తీగకు అటూ ఇటూ సుమారు +20, −20 వోల్టుల అనియంత్రిత సరఫరాలు లభిస్తాయి. కింది సరఫరాకు ధన కొన నడిమి తీగే. కనుక రెండవ 7812 ఇన్‌పుట్ అక్కడే కలవాలి. మొదటి 7812 గ్రౌండ్ కూడా నడిమి తీగే కాబట్టి, రెండవదాని అవుట్‌పుట్ సైతం అక్కడికే చేరాలి. ఇన్‌పుట్, అవుట్‌పుట్ ఒకే బిందువైనప్పుడు రెగ్యులేటర్ ఉన్నా లేనట్టే. −12 రావలసిన చోట అనియంత్రిత −20 వోల్టులు వస్తాయి.

ఇక్కడి ప్రమాదం ఏమంటే, వలయం పైకి పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. ధన వైపు మీటరు 12 వోల్టులే చూపుతుంది. ఆప్-ఆంప్ సంకేతాన్ని వర్ధనం చేస్తూనే ఉంటుంది. కానీ 100 హెర్ట్‌జ్ రిపుల్ రుణ సరఫరా ద్వారా ప్రవేశిస్తుంది. ఆప్-ఆంప్ దానిని కొంత అణచినా, సూక్ష్మ సంకేతాల కొలతలో అది దోషంగా మిగులుతుంది. నడిమి తీగ ఉమ్మడిగా ఉన్నంతవరకు రెండు బ్రిడ్జిలు వాడినా వేర్పాటు సిద్ధించదు. రెండు విడి సెకండరీ వైండింగులు, అంటే నాలుగు తీగలు, వాటికి రెండు బ్రిడ్జిలు, రెండు కెపాసిటర్లు ఉండాలి.

4. విలువల ఎంపిక
ఒక్కొక్క వైపు 0.5 ఆంపియర్ల ప్రవాహం కావాలనుకుందాం. 15 వోల్టుల వైండింగ్ శిఖర విలువ 21.2 వోల్టులు. రెండు డయోడ్ల పతనం 1.4 వోల్టులు పోగా 19.8 మిగులుతుంది. 2200 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌పై రిపుల్ సుమారు 2.3 వోల్టులు, కనిష్ఠ విలువ 17.5. మెయిన్స్ వోల్టేజి 10 శాతం తగ్గినా సుమారు 15.4 వోల్టులు ఉంటుంది. 7812కు అవుట్‌పుట్ కంటే దాదాపు 2 వోల్టులు అదనంగా, అంటే 14 వోల్టులు చాలు. కెపాసిటర్ 35 వోల్టులది కావాలి. ఒక్కొక్క రెగ్యులేటర్ సుమారు 3.4 వాట్ల ఉష్ణాన్ని వెలువరిస్తుంది కాబట్టి హీట్ సింక్ అవసరం. కెపాసిటర్‌ను నింపే ప్రవాహం విడతలుగా సాగుతుంది కనుక, వైండింగ్ సామర్థ్యం 1 ఆంపియర్ ఉండటం మంచిది.

5. నిర్మాణంలో జాగ్రత్తలు
7812 లోహపు రెక్క దాని గ్రౌండ్ కాలికి లోపలే కలిసి ఉంటుంది. ఈ వలయంలో మొదటిదాని రెక్క సున్నా వద్ద, రెండవదాని రెక్క −12 వద్ద ఉంటాయి. రెండింటినీ ఒకే హీట్ సింక్‌కు నేరుగా బిగిస్తే రుణ సరఫరా షార్ట్ అవుతుంది. మైకా పలక, ఇన్సులేటింగ్ వాషర్ వాడాలి, లేదా విడి హీట్ సింకులు అమర్చాలి. ప్రతి అవుట్‌పుట్‌కు అడ్డంగా, వ్యతిరేక దిశలో ఒక 1ఎన్4007 డయోడ్ ఉంచితే, ఒక వైపు ముందుగా ఆరంభమైనప్పుడు రెండవ వైపు ధ్రువత తారుమారు కాకుండా రక్షిస్తుంది.

మెయిన్స్ తొలగించి, రెండు సెకండరీల మధ్య విద్యుత్ మార్గం లేదని మొదట మల్టీమీటర్‌తో నిర్ధారించుకోవాలి. తరువాత ఒక్కొక్క సరఫరాను విడిగా పరీక్షించి, చివరగా ఉమ్మడి బిందువును కలపాలి.

6. ముగింపు
రెండు 7812ల అవుట్‌పుట్‌లు అచ్చంగా సమానం కావు. ఒక్కొక్కటి 11.5 నుండి 12.5 వోల్టుల మధ్య ఉండవచ్చు. సాధారణ ఆప్-ఆంప్ వలయాలకు ఈ భేదం బాధకం కాదు. ధన, రుణ అనేవి రెగ్యులేటర్ స్వభావాలుగా కాక, సున్నా బిందువు ఎంపికపై ఆధారపడిన సాపేక్ష విలువలుగా విద్యార్థికి అర్థం కావడానికి ఈ నిర్మాణం ఉపకరిస్తుంది. ఆ ఎంపికకు స్వేచ్ఛనిచ్చేది ట్రాన్స్‌ఫార్మర్‌లోని వేర్పాటే.