చక్రం తిరిగితే బండి కదిలినట్టేనా? నేలను రోబో ఎలా తెలుసుకుంటుంది

అంగారకుడి మీద తిరిగిన నాసా రోవర్ స్పిరిట్ 2009లో ఇసుకలో దిగబడింది. పైన గట్టిగా కనిపించిన పొర కింద అంతా మెత్తటి ఇసుకే. చక్రాలు తిరిగాయి గానీ బండి కదల్లేదు, తిప్పేకొద్దీ ఇంకా లోపలికి దిగింది. నెలల తరబడి ప్రయత్నించినా బయటికి రాలేదు. 2010 మార్చి 22 తర్వాత దాని నుంచి కబురే లేదు.

వానాకాలంలో పొలం బాటలో ట్రాక్టరు దిగబడితే డ్రైవర్‌కు సీటు మీద కూర్చునే తెలిసిపోతుంది. రోబోకు ఆ సంగతి నేర్పాలి. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో మోటారు చెబుతుంది, కానీ చిట్టాలో అమ్మకం రాసినంత మాత్రాన గల్లాపెట్టెలోకి డబ్బు రాదు కదా! అందుకే రోవర్ కొంచెం కొంచెం కదులుతూ ఫోటోలు తీస్తుంది. మొదటి ఫోటోలోని రాళ్లు రెండో ఫోటోలో ఎంత జరిగాయో చూసి అసలు దూరం లెక్కేస్తుంది. రెండు లెక్కల మధ్య తేడా హద్దు దాటితే ఆగిపోతుంది.

2012లో దిగిన క్యూరియాసిటీ కష్టం వేరు. దానికి 6 అల్యూమినియం చక్రాలు, వాటి పైరేకు మందం 0.75 మిల్లీమీటర్లే. 2013లోనే వాటికి చిల్లులు కనిపించాయి. అన్ని చక్రాలూ ఒకే వేగంతో తిరగడం ఒక కారణం. రాయి ఎక్కే చక్రం మిగతావాటి కంటే ఎక్కువ దూరం పోవాలి, అందుకని వెనకబడుతుంది. మిగతా చక్రాలేమో దాన్ని తోసి ఆ పదునైన రాయికే అదుముతాయి. అక్కడికి మెకానిక్‌ను పంపలేం. 2017లో ఇక్కడి నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ పంపారు. సస్పెన్షన్ ఎంత వంగిందో చూసి, ఏ చక్రం నేలను ఎక్కడ ఆనుకుందో అది లెక్కగట్టి, ఒక్కో చక్రానికి ఒక్కో వేగం ఇస్తుంది. ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చింది ఇదే.

ఇదంతా అంగారకుడి ముచ్చటే అనుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో మన నాగర్‌కర్నూల్ జిల్లా ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి 8 మంది చిక్కుకుపోయినప్పుడు సహాయ పనులకు రోబోలను కూడా రప్పించారు. అలాంటి చోట బురదనీళ్ల కింద నేల ఎక్కడుందో కెమెరాకు కనిపించదు. తాకి చూడాల్సిందే.

కాళ్లతో నడిచే రోబోల పాదానికి స్విచ్ పెట్టొచ్చు. అయితే అడుగడుగునా దెబ్బలు, నీళ్లు, మట్టి తగిలి అది తొందరగా పాడవుతుంది. అందుకే చాలామంది ఇంజినీర్లు కీళ్లలోని మోటార్లనే నమ్ముకుంటున్నారు. పాదం నేలకు తగలగానే మోటారు మీద భారం మారుతుంది. అమెరికాలోని ఎంఐటీ వాళ్ల చీతా 3 అనే రోబో 2018లో కెమెరాలు లేకుండానే మెట్లెక్కింది.

సహరీ వేళ కరెంటు పోయిన ఇంట్లో ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే గుండె ఝల్లుమంటుంది చూడండి, రోబోకూ అదే ప్రమాదం. పాదం ఆనకముందే ఆనిందనుకుని బరువంతా వేస్తే పడిపోతుంది. ఆనినా తెలుసుకోకపోతే కాలును ఇంకా కిందికి నెట్టి తన్నుకుంటుంది. అందుకే ఒక్క గుర్తును నమ్మరు. మోటారు మీద భారం, పాదం ఉన్న ఎత్తు, అడుగు పడాల్సిన సమయం, ఈ మూడింటినీ కలిపి చూశాకే రోబో ఆ కాలు మీద బరువు వేస్తుంది. ఈ లెక్కంతా సెకనులో చిన్న భాగంలో అయిపోవాలి.